పాకాన పడ్డ అడుగు

ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు పుట్టుకతో రాలేదు, పెరిగాక పట్టుబడలేదు. మా అనకాపల్లిలో బెల్లానికి కొదవ లేదు, బెల్లం కొట్టిన రాళ్ళకీ కొదవ లేదు. బెల్లం మండీలో గుమాస్తాగా పొద్దస్తమానం వాటి మధ్యనే తిరిగేవాణ్ణి గాని, వాటిలో ఒకదానిలా కదలకుండా మెదలకుండా ఉండడం మాత్రం నావల్ల అయ్యేది కాదు. అలాంటి నన్ను అడవి జంతువుల్ని పొంచి చూసే పనికి రమ్మని ఒకాయన పిలిచారంటే, ఆయన అప్పటికి నన్ను సరిగ్గా చూడలేదన్నమాట.

ఆయన మా వీధిలోకి కొత్తగా అద్దెకొచ్చిన మాస్టారు. విశాఖపట్నం మీద బాంబులు పడ్డప్పుడు అక్కడి జనం బళ్ళెక్కినవాళ్ళు బళ్ళెక్కి, రైలెక్కినవాళ్ళు రైలెక్కి, ఏదీ దొరకనివాళ్ళు కాళ్ళనే నమ్ముకుని మా వైపు వచ్చేశారు. అందరూ బిందెలూ పరుపులూ తెచ్చుకుంటే, కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఈయన ఒక దుర్భిణీ, పెట్టెనిండా నక్క పుర్రెలూ ముంగిస పుర్రెలూ తెచ్చుకున్నారు. ఇల్లుగలావిడ ఊరికే ఆ పెట్టె మూత తీసి చూసిందట. ఆ తరవాత చాలాకాలం అద్దె అడగడానికి కూడా ఆ గుమ్మం తొక్కలేదు.

ఆ రోజుల్లో ఊరంతటికీ కాలు నిలిచేది కాదు. మబ్బుల్లో ఏదైనా గుర్రుమంటే బజారంతా తలలెత్తేసేది. పొద్దున్న ఒక పుకారు పుడితే సాయంత్రానికి దానికి మీసాలొచ్చేవి. ఆదివారం మండీ మూసేస్తే నేను వసారాలోంచి వీధి గుమ్మానికీ, వీధి గుమ్మంలోంచి వసారాకీ కాలు కాలిన పిల్లిలా తిరిగేవాణ్ణి. "ఆ తిరిగేదేదో ఊరవతల తిరగండి, గచ్చయినా మిగుల్తాది," అంది మా ఆవిడ. సరిగ్గా అప్పుడే మాస్టారు మనుషుల కోసం వెతుకుతున్నారు.

"జీతం లేదు, భత్యం లేదు," అన్నారాయన మా వసారాలో కూర్చుని. "ఆదివారాలు రావడం, చూడడం, చూసింది చూసినట్టు చెప్పడం. ఈ చుట్టుపక్కల పిల్లలకి పాలిచ్చి పెంచే జంతువులు ఏవేవున్నాయో ఎవరూ సర్వే చేసినట్టు లేదు."

"గేదెలండి," అన్నాడు మా బావ టక్కున. బావంటే మా మామ కొడుకు, మా ఆవిడకి అన్న. బజార్లో బట్టలు కుట్టేవాడు. మేనరికం కాబట్టి మేమిద్దరం ఒకరికొకరం బావలమే. "గేదెల్ని సూడ్డానికి కొండెక్కడం ఎందుకండి? మా సాల్లోనే ఉన్నాయి."

"అడవివి బాబూ, అడవివి."

"అడవిదేనా? అయితే మా బావని రాసుకోండి ముందు," అని నన్ను చూపించాడు.

అలా ముగ్గురం జట్టయ్యాం. శంకరం కొండ పొదల్లోనూ, శారదా నది ఒడ్డు ఇసుకలోనూ తెల్లవారకట్ట పోయి కూర్చునేవాళ్ళం. గాలి మొహానికి తగిలేలా కూర్చోవాలి, దగ్గొస్తే మింగాలి, దోమ కుడితే కుట్టించుకోవాలి. ఇవీ మాస్టారి నియమాలు. మొదటి రెండూ పాటించాను. దోమ దగ్గర మాత్రం చెయ్యి నా మాట వినేది కాదు. ఆ చప్పుడికి పొదలోంచి ఏదో ఒకటి లేచి పారిపోయేది. చెవులపిల్లి చెవుల గురించి అందరూ చెబుతారు గాని, నాకు బాగా తెలిసింది దాని తోకే. నేను చూసిన చెవులపిల్లులన్నీ వెనకనుంచి చూసినవి.

"మీరు చూడ్డానికి రాలేదోయ్, సాగనంపడానికి వచ్చారు," అనేవారు మాస్టారు. కోపం ఉండేది కాదు ఆ మాటలో. ఆయనకీ లోపల నిలకడ లేదని నాకు తరవాత అర్థమైంది. దుర్భిణీ పొదల మీద పెట్టినవాడు పెట్టినట్టే ఉండి, ఉన్నట్టుండి సముద్రం వైపు తిప్పేవారు. దారిన పోయేవాళ్ళు అది చూసి, "ఇమానాలొస్తన్నాయేటండి?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పరుగెత్తేవారు.

చలికాలం వచ్చింది. కశింకోట వైపు మా మామగారి ఊళ్ళో చెరుకు నరకడం మొదలైంది. ఆ సంగతి చెబితే మాస్టారు లేచి నిలబడిపోయారు. ఎందుకంటే అక్కడ తోటని నాలుగు గట్ల నుంచీ లోపలికి నరుక్కుంటూ వస్తారు. మొదటిరోజు గట్టు పక్క వరసలు, మర్నాడు ఇంకా లోపలివి. తోట తగ్గేకొద్దీ లోపలున్న జంతువులన్నీ నడిమి చెక్కలోకి జరుగుతాయి. పైగా మా వాళ్ళు చెరుకుకి జడచుట్టు వేస్తారు. అంటే గాలికి పడిపోకుండా పక్కపక్క గడల్ని వాటి ఆకుల్తోనే జడలల్లినట్టు కట్టేస్తారు. ఆ జడల కింద ఎండ పడని సొరంగాలు ఏర్పడతాయి. "జంతువుకి అంతకన్న మంచి ఇల్లు ఎవరు కట్టిస్తారయ్యా!" అన్నారు మాస్టారు. దోమలున్న అడవికన్నా అత్తవారి తోట నయమని నేనూ సంతోషించాను.

మేం వెళ్ళేసరికి మామ తోట సగం పైన నరికేశారు. ఆ ఊళ్ళో రైతులందరికీ గానుగ ఒక్కటే, రసం కాచే పెనం ఒక్కటే. వంతులవారీగా వాడుకుంటారు. ఆ వారం మామ వంతు, మర్నాటితో సరి. ఎడ్లు గానుగ చుట్టూ తిరుగుతున్నాయి, పెనంలో పాకం కుతకుతలాడుతోంది. మామ చేతిలో తెడ్డుతో, మొహం నిండా ఆవిరితో, పెళ్ళికూతురి తండ్రిలా హడావిడిగా ఉన్నాడు. ఈ వంతు దాటితే మళ్ళీ ఊరంతా తిరిగి తన దాకా రావాలి. ఈలోగా ఎండ ముదురుతుంది, గడలో రసం ఇగురుతుంది, ఎంత కాచినా బెల్లం ముద్ద కట్టదు. అందుకే ఆ వారం మామకి నిద్రాహారాల్లేవు.

తోట పక్కన నీళ్ళ కాలవ బురదలో మాస్టారికి ఒక అడుగు కనబడింది. పిల్లి అడుగులాగే ఉంది, గోళ్ళ గుర్తు లేదు. ఆయన మోకాళ్ళ మీద కూలబడిపోయారు. "అచ్చు తియ్యాలి దీన్ని. ప్లాస్టర్ ఉంటేనా..." అని నిట్టూర్చారు. యుద్ధం రోజులు. విరిగిన కాళ్ళకే ఆస్పత్రిలో ప్లాస్టర్ దొరకడం లేదు, విరగని కాళ్ళకి ఎవరిస్తారు?

"అచ్చంటే ఏటండి? దిమ్మలాగ పొయ్యడమే కదా?" అన్నాడు మామ. "దానికి మందెందుకండి, మాకాడ పాకం లేదేటి? మా బెల్లం దిమ్మ ఆరిందంటే గోడకేసి కొట్టినా ఇరగదు!"

మాస్టారు కాసేపు ఆలోచించారు. ఆ ఆలోచన ఇంకొంచెం సేపు సాగి ఉంటే బాగుండేది. మామ అప్పటికే పెద్ద గరిటెతో పాకం పట్టుకొచ్చాడు. బావ చెరుకాకుతో అడుగు చుట్టూ అంచు కట్టాడు. సలసల కాగే పాకం తడి బురదలో పడగానే సుయ్యిమంది. ఆరాక లాగి, కడిగి చూస్తే, మామ అరచెయ్యంత అచ్చు వచ్చింది. బంగారు రంగులో, నాలుగు వేళ్ళతో, అరిపాదంతో, తినబుద్ధేసేంత అందంగా ఉంది.

"ఇంత పెద్దదా?" అన్నారు మాస్టారు తనలో తనే. "చిరుతేమో?"

ఆయన "ఏమో" అన్నారని నేను సాక్ష్యం చెప్పగలను. కానీ మామ ఆ అచ్చు పట్టుకుని గానుగ దగ్గరికి నడిచే దారిలో ఆ "ఏమో" ఎక్కడో జారి కాలవలో పడిపోయింది. "మా తోటలో సిరతుందిరోయ్! ఇదిగో, కాలు!" అని సాయంత్రం దాకా వచ్చినవాడికల్లా చూపించాడు. తమ తోటలో పందికొక్కులు ఉన్నవాళ్ళు చాలామంది. చిరుత ఉన్నవాడు ఊరంతటికీ మామ ఒక్కడే. ఆ సాయంత్రం ఆయన నడకే మారిపోయింది.

మర్నాడు మండీకి సెలవు చెప్పి నేనూ అక్కడే ఉన్నాను. పొద్దెక్కినా కోత మొదలు కాలేదు. నరికేవాళ్ళంతా కత్తులు ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నారు. ఆ ముఠాకి పెద్ద ఒక నడివయసు ఆవిడ. మామకి వరసకి అప్ప, అంటే అక్క. ఆవిడ చెయ్యి దించితే పది గడలు నేలనుండేవి, నోరు విప్పితే పదిమంది నోళ్ళు మూతపడేవి.

"ఏటప్పా, కూకుండిపోనారేటి?" అన్నాడు మామ.

"సిరతుందంట కదా తమ్ముడా. పిల్లా పీసూ ఉన్నోల్లం. నాను ఎల్లను, నా కూడా వచ్చినోల్లని ఎల్లనివ్వను."

"ఎవులు సెప్పేరు సిరతని?"

"నివ్వే కదా! నిన్న బెల్లంకాలు ఊరంతా తిప్పేవు."

మామ మా వైపు చూశాడు. మేం మాస్టారి వైపు చూశాం. మాస్టారు అచ్చు వైపు చూశారు. ఎండలో దానికి అప్పుడే చీమలు పట్టాయి.

ఆయన తిన్నగా మామ ఇంటి పెరట్లోకి నడిచారు. అక్కడ నీళ్ళ గోలెం పక్క తడి మట్టిలో ఇంటిపిల్లి అడుగు వెతికి, మళ్ళీ పాకం పోయించారు. అచ్చు లాగి చూస్తే అదీ ఇంచుమించు అరచెయ్యంత ఉంది. పాకం వేడికి బురద అంచులు కరిగి విడిపోతున్నాయి, అడుగు పడినదానికన్నా వెడల్పవుతోంది. పిల్లిని పాకంలో ముంచితే పులి అయి తేలిందన్నమాట. మాస్టారు రెండు అచ్చులూ చెరో చేత్తో పట్టుకుని రొప్పుతూ గట్టు దగ్గరికి వచ్చారు.

"చూడండమ్మా! ఇది తోటలోది, ఇది వీళ్ళింటి పిల్లిది. రెండూ దాదాపు ఒకటే. అంటే..."

"అంటే అది ఇంటి దాకా వచ్చేసిందా!" అని లేచి నిలబడింది అప్ప.

ఆ మాటతో వెనక ఇద్దరు ఊరివైపు వెళ్ళిపోయారు. శాస్త్రం అక్కడితో ఓడిపోయింది.

గానుగ ఆగింది. ఎడ్లు నెమరేస్తున్నాయి. నడిమి చెక్కలో చెరుకు పచ్చగా గాలికి ఊగుతోంది. మామ గానుగ దగ్గరికి పోతాడు, పొయ్యిలో పిప్పి ఎగదోస్తాడు, పెనంలో ఏమీ లేదని గుర్తొచ్చి మళ్ళీ తోటకి వస్తాడు. ఆయన్ని చూస్తుంటే నాకు నేను కనబడ్డాను. నా తిరుగుడికి ఏ కారణమూ లేదు గాని, ఆయన తిరుగుడికి ఏడాది కష్టమంతా కారణం.

"కళ్ళతో చూస్తేగాని నమ్మరు," అన్నారు మాస్టారు. "అది కాలవకి నీళ్ళకొస్తుంది. కూర్చుందాం. వాళ్ళూ చూస్తారు."

కూర్చున్నాం. నా జీవితంలో అంత కష్టపడి ఎప్పుడూ కూర్చోలేదు. నేను కదిలితే ఆ జంతువు రాదు, జంతువు రాకపోతే ముఠా దిగదు, ముఠా దిగకపోతే మామ బెల్లం లేదు. ఆ ఊళ్ళో బెల్లమంతా నా పిక్కల మీద ఆధారపడినట్టుంది. చీమ ఒకటి మడమ దగ్గర బయల్దేరి మోకాలి దాకా యాత్ర చేసింది. "బావా, నీ కాలు వణుకుతున్నాది," అని గుసగుసలాడాడు బావ. "అది వణుకు కాదు, అణుకువ," అన్నాను. మాస్టారు ఇద్దర్నీ కళ్ళతోనే గద్దించారు.

మిట్టమధ్యాహ్నం దాటాక చెరుకాకులు పక్కకి తొలిగాయి. అది బయటికొచ్చింది. ఎండుగడ్డి రంగు, పొడుగాటి కాళ్ళు, పొట్టి తోక, చెవుల కొసన నల్లటి కుచ్చులు. అడవిపిల్లి. నోట పందికొక్కు వేలాడుతోంది. గట్టు మీదున్న మమ్మల్నందర్నీ ఒకసారి కలయజూసి, ఇంతమందికి చాలదనుకుందో ఏమో, పందికొక్కుని కింద పెట్టి నింపాదిగా కాలు నాక్కుంది. మాస్టారి చేతిలో దుర్భిణీ ఉంది గాని కంటికి ఎత్తడం మరిచిపోయారు. మా ఆదివారాలన్నిటికీ కలిపి నేను ఎదురుగా, మొహాన మొహం పెట్టి చూసిన మొదటి అడవి జంతువు అది.

"చూశారా! అడవిపిల్లి! ఇంతే!" అన్నారు మాస్టారు, ఆనందంతో గొంతు కీచుమంటుంటే.

ఆ అరుపుకి అది పందికొక్కుని అందుకుని మళ్ళీ చెరుకులోకే దూరిపోయింది.

"సూసేను," అంది అప్ప. "సిరత పిల్ల! పిల్ల బయటికొచ్చిందంటే తల్లి లోపలున్నట్టే!"

"పిల్ల కాదమ్మా, అది పెద్దదే!"

"పెద్దది కూడా ఉందంటరోయ్!"

గట్టు ఖాళీ అయిపోయింది. అప్ప ఒక్కర్తే పక్క గట్టు దాకా పోయి ఆగింది. మాస్టారు మొహం చూస్తే నాకే జాలేసింది. ఆయన కోసం తోటలోంచి నిజంగానే చిరుత వచ్చినా ఇంతకన్న నష్టం ఉండేది కాదు.

మామ ఎవరో వదిలేసి పోయిన కత్తి అందుకుని, తలపాగా బిగించి, చెరుకు వైపు నడిచాడు.

"నాయనా, ఏటా పని?" అని కేకేశాడు బావ.

"సిరతుంటే నన్ను తింటాది. లేపోతే సెరుకుని ఎండ తింటాది. ఏదో ఒకటి తినకుండా ఊరుకుంటాదేటి?" అన్నాడు మామ, వెనక్కి తిరగకుండానే. మొదటి గడ మీద కత్తి పడింది.

నిలబడి చూడ్డం నాకు చేతకాదు. ఇది ధైర్యమని ఎవరైనా అనుకుంటే వద్దని చెప్పను గాని, కాళ్ళు కదిలాయి కాబట్టి నేనూ కదిలాను, అంతే. బావ వచ్చాడు. మాస్టారు దుర్భిణీ మెళ్ళో వేసుకునే, పంచె ఎగ్గట్టి వచ్చారు. గుమాస్తా, దర్జీ, మాస్టారు! మేం నరికిన చెరుకు చూసి గడలే సిగ్గుపడి ఉంటాయి. మామ ఒక్క వేటుకి మొదలంటా నరికితే, నేను నాలుగు వేట్లకి మోకాలెత్తున నరికేవాణ్ణి. "మొదట్లోనే తీపి ఉంటాది అల్లుడూ, అది నేలకొదిలీకు," అని అరిచేవాడు మామ. ఆకుల అంచులు చేతుల్నిండా గీసుకుపోయాయి. జడలు విప్పడం రాక పీకేశాం. పొద్దు వాలేసరికి చివరి వరస పడింది. లోపల ఆకులు నలిగి గుంటలా ఉన్న ఒక పడక, కాసిని ఈకలు, పందికొక్కు పుర్రె ఒకటి. పిల్లి ఎటు పోయిందో మాలో ఎవరూ చూడలేదు. పుర్రెని మాస్టారు జేబులో వేసుకున్నారు.

అంతా చేసి బండి గానుగకి చేరేసరికి మామ వంతు అయిపోయింది. మర్నాటి నుంచి పక్క తోట రైతుది. అతను గానుగ దగ్గర తల పట్టుకుని కూర్చున్నాడు. కుర్రవాడే, మామని "మావా" అని పిలిచేవాడు.

"మావా, నీ తోటలో సిరత లేదంట కదా?"

"లేదురా. పిల్లి అది."

"నీకాడ లేకపోతే మరెక్కడికెల్లినట్టు? పక్కది నాదే కదా! నా తోటలో దిగనంటన్నారు ముఠావోల్లు. నీ సిరతని నాకు తోలీసి, నివ్వు పిల్లంటావేటి?"

మామ ఆ కుర్రవాణ్ణి చూశాడు, బండి మీది చెరుకుని చూశాడు. గానుగ రేపు ఊరికే పడుంటుందని ఇద్దరికీ ఒకేసారి తట్టినట్టుంది.

"నీ గడ వచ్చీదాకా నా గడ ఆడించుకోనీరా," అన్నాడు మామ మెల్లగా. "నీ తోట నరకడానికి మేమొత్తాం."

"నివ్వు పెనం కాడుండాల కదా?"

"నానుంటాను. మా అల్లుడొత్తాడు." నా ముందే అన్నాడు, నన్ను అడక్కుండా. "సిరత ఎదురుగా లోపలికెల్లినోడు!"

ఒక్కరోజు ముందు చిరుత ఉన్నందుకు మురిసినాయన ఇప్పుడు అల్లుడున్నందుకు మురుస్తున్నాడు. మాస్టారు చిరుత లేదని మరోసారి చెప్పబోయారు. బావ ఆయన చెయ్యి పట్టుకుని ఆపేశాడు. మండీకి మళ్ళీ ఏం సాకు చెప్పాలా అని నేను ఆలోచిస్తున్నాను.

మర్నాడు మంచు విడుతుండగా ఆ కుర్రవాడి తోట దగ్గర నిలబడ్డాను. అవతల గానుగ కిర్రుమంటోంది, మామ పెనం మీంచి ఆవిరి లేస్తోంది. ముఠా అంతా గట్టు మీదే ఉంది, కత్తులు ఒళ్ళోనే ఉన్నాయి. బావా మాస్టారూ అవతలి గట్టు నుంచి మొదలుపెడతామని పోయారు. ఈ గట్టుకి నేనొక్కణ్ణే.

"బావూ," అంది అప్ప, "ఇంటిదానికి సెప్పొచ్చేవా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను. లోపల చిరుత లేదు. అది నాకు ఆ ఊళ్ళో అందరికన్నా బాగా తెలుసు. అది పుట్టిన గరిటెని కూడా నేను కళ్ళారా చూశాను. అయినా మొదటి జడ పక్కకి తీసి లోపలికి వంగేటప్పుడు, ఆ పచ్చటి చీకట్లోకి నాకన్నా ముందు కత్తినే పంపాను.

నరకడం మొదలుపెట్టాను. గడ ఒకటి మోకాలెత్తున తెగింది. రెండోది అసలు తెగలేదు, వంగింది.

"ఏటా నరుకుడు!" గట్టు మీంచి అప్ప గొంతు. నేను ఆగలేదు. మూడోది చీలింది. "ఓలమ్మో, మొదలంతా నేలకొదిలీసినాడు! ఆ కుర్ర గుంటడి బెల్లమంతా మట్టిపాలు సేత్తన్నాడు. నివ్వు నరికితే ఉగాదికి గాని అవ్వదు. తప్పుకో అవతలికి!"

తప్పుకోలేదు, పక్కకి జరిగాను. ఆవిడ నా వరసలోకి దిగి, వంగి, ఒక్క వేటుకి గడని నేలమట్టంగా తెంపింది. మళ్ళీ ఒకటి, మళ్ళీ ఒకటి. వెనక గట్టు మీంచి ఒకరిద్దరు లేచిన చప్పుడు వినబడింది.

కొంచెం ముందు చెరుకాకులు గలగలమన్నాయి. గాలి లేదు. ఇద్దరం ఒక్కసారే ఆగిపోయాం. ఆవిడ నా వైపు చూడలేదు, నేనూ చూడలేదు. ఇంకోసారి గలగలమని ఊరుకుంది.

"నరుకు," అంది అప్ప, గొంతు తగ్గించి. "మొదలంటా నరుకు."

వంగాను.